విదేశీ కారుకు నంబర్ ప్లేటు: కోయకుండా, వంచకుండా బిగించడం ఎలా

మా బావగారి కారుకు వెనక నంబర్ ప్లేటు పట్టలేదు. ఆయన ఉండేది గుంటూరు లక్ష్మీపురంలో. జపాన్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన తెచ్చుకున్న బండిని ఆయన దగ్గర కొన్నారు. ఏళ్ల తరబడి రేడియం అక్షరాల ప్లేటుతోనే తిప్పి, చివరికి హై సెక్యూరిటీ ప్లేటు తెప్పించారు. డిక్కీ తలుపు మీద ప్లేటుకని వదిలిన గుంట జపాన్ కొలతది. మన ప్లేటు దానికంటే ఒక సెంటీమీటరు పొడవు, మూడున్నర సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువ. బిగించడానికి వచ్చినవాళ్లు "ముందు ఫ్రేమ్ పెట్టించుకోండి, మళ్లీ వస్తాం" అన్నారు. బావగారికి అంత ఓపిక లేదు. ప్లేటు చేతిలో పట్టుకుని ఒక షెడ్డుకు వెళ్లారు. అక్కడి కుర్రాడు "ఏం కాద్సార్, అందరికీ ఇట్లాగే చేస్తాం" అంటూ రేకుల కత్తెర తీశాడు. పైన కాస్త, కింద కాస్త కోసి, పక్కలు మడిచి, గుంటలో దించేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ కింది ఎడమ మూలలో లేజర్‌తో చెక్కిన నంబరు సగం కోసిన ముక్కతో పోయింది. ఆ ప్లేటు ఇక చెల్లదు.

ఇలాంటి బండి తెచ్చుకున్నవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే. కారుకు తగ్గట్టు ప్లేటును కోయకండి, ప్లేటుకు తగ్గట్టు కారు మీద చోటు చేసుకోండి. ఆ చోటు చేసుకునే పని మెకానిక్ దగ్గర కాదు, కాగితాల దగ్గర మొదలవుతుంది. వరసగా చెప్తాను.

ముందు అది నిజంగా దిగుమతి కారేనా చూసుకోండి

జర్మన్ బ్యాడ్జీ ఉన్న ప్రతి బండీ జర్మనీ నుంచి వచ్చింది కాదు. విజయవాడ బెంజి సర్కిల్‌లో సిగ్నల్ పడినప్పుడు మీ పక్కన ఆగే బీఎండబ్ల్యూల్లో చాలావాటిని చెన్నై దగ్గర బిగించారు. మెర్సిడెస్ అయితే పుణె దగ్గర చాకన్‌లో, ఆడి అయితే ఔరంగాబాద్‌లో, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్‌లో. విడిభాగాలు ఓడలో వచ్చి ఇక్కడ బండిగా మారిన ఇలాంటివాటికి రిజిస్ట్రేషన్ మామూలు కారుకు జరిగినట్టే జరుగుతుంది. ప్లేటు కూడా డీలరే బిగించి ఇస్తాడు. మీది ఆ కోవలోదైతే కొలతల గురించి, బిగింపు గురించి రాసిన భాగాలు చదివితే చాలు.

పూర్తిగా తయారై ఓడ దిగిన బండిని షోరూముల భాషలో సీబీయూ అంటారు. అందులోనూ రెండు రకాలు. కంపెనీయే దిగుమతి చేసి డీలరు ద్వారా అమ్మేది ఒకటి, మనిషి సొంతంగా తెచ్చుకునేది ఒకటి. అసలు తంటా రెండోదానితోనే.

సొంతంగా తెచ్చుకోవాలనుకునేవాళ్లకు ఇక్కడే ఒక మాట. డాలస్‌లో ఉన్న అబ్బాయి "నాన్నా, నా కారు పంపించేస్తా" అంటే మురిసిపోకండి. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దిగుమతి నిబంధనల ప్రకారం కారుకు స్టీరింగ్ కుడివైపే ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి. మామూలుగా కొని తెచ్చే పాత కారైతే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవులోనే దిగాలి. విదేశంలో రెండేళ్లకు తగ్గకుండా ఉండి స్థిరపడటానికి తిరిగొచ్చేవాళ్లకు వేరే వెసులుబాటు ఉంది. అక్కడ కనీసం ఏడాది తమ దగ్గరున్న కారును ఒకదాన్ని తెచ్చుకోవచ్చు. తెచ్చాక రెండేళ్లదాకా అమ్మకూడదు. లండన్, సిడ్నీ, సింగపూర్, టోక్యో నుంచి వచ్చేవాళ్లకు స్టీరింగ్ బెడద ఉండదు. డాలస్ అబ్బాయి కారు డాలస్‌లోనే అమ్ముకోవాలి.

ఫైలు తయారు చేసుకోండి

నంబరు లేనిదే ప్లేటు లేదు, కాగితాలు లేనిదే నంబరు లేదు. ఒక మంచి ఫైలు కొని వీటిని వరసగా పెట్టుకోండి.

ఫారం 20 దరఖాస్తు. ఫారం 21, అంటే అమ్మకపు సర్టిఫికెట్. ఫారం 22, అంటే బండి రోడ్డుకు యోగ్యమని తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్. ఇన్సూరెన్స్. చిరునామా రుజువు. టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉంటే ఆ కాగితం. వీటిపైన దిగుమతి బండికి తప్పనిసరైనది కస్టమ్స్ క్లియరెన్స్. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం), సుంకం కట్టిన చలానా, విదేశీ ఇన్‌వాయిస్, ఓడ కంపెనీ సరుకుకు ఇచ్చే రసీదు అయిన బిల్ ఆఫ్ లేడింగ్ అన్నీ ఒక్కచోట ఉంచండి. కాలుష్య ప్రమాణాల కాగితం కూడా కావాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణానికి తక్కువైన కొత్త కారుకు రిజిస్ట్రేషన్ చేయరు.

ఫైలు కట్టేశాక ఒక సాయంత్రం కూర్చుని ఒకే ఒక్క పని చేయండి. ఛాసిస్ నంబరును ప్రతి కాగితం మీదా అక్షరం అక్షరం కలిపి చూడండి. పదిహేడు అక్షరాల నంబరది. ఇన్‌వాయిస్‌లో 5 ఉన్నచోట ఇన్సూరెన్స్‌లో ఎస్ పడితే చాలు, ఆర్టీఏ ఆఫీసు నుంచి ఇంటికి తిరిగి రావాల్సిందే. ఒక్కరే చూస్తే తప్పు కనపడదు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడాలి. మా ఇంట్లో ఈ పని పిల్లలకు అప్పజెప్పాను, పెద్దవాళ్లకంటే వాళ్లే బాగా పట్టుకున్నారు.

ఇంటికి తెచ్చేటప్పుడు

చెన్నైలో దిగిన బండిని నెల్లూరు, ఒంగోలు మీదుగా సరదాగా నడుపుకుంటూ తేవాలని అందరికీ ఉంటుంది. నంబరు లేకుండా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా, రెండోసారి 10,000 దాకా. బండి లారీ మీద ఎక్కించి తెప్పించుకుంటే టెన్షన్ ఉండదు.

నడిపే తేవాలంటే టీఆర్ తీసుకోండి. టీఆర్ నంబరును తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి అద్దానికి అంటించడం మనకు అలవాటు. అది చెల్లదు. 2020 జులైలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం తాత్కాలిక నంబరుకు పసుపు ప్లేటు మీద ఎర్ర అక్షరాలు ఉండాలి. హైదరాబాద్ షోరూములో కొని విజయవాడలో రిజిస్టర్ చేయించుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అదే మన రాష్ట్రంలోని డీలరు దగ్గర కొని ఇక్కడే రిజిస్టర్ చేయిస్తే, శాశ్వత నంబరు వేయకుండా బండి మీకు అప్పగించకూడదు. "ముందు తీసుకెళ్లండి సార్, ప్లేటు తర్వాత పంపిస్తాం" అంటే ఒప్పుకోవద్దు.

ఆర్టీఏ దగ్గర

బండి చేతికొచ్చిన ఏడు రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఫీజు విషయంలో తేడా గమనించండి. మామూలు సొంత కారుకు కేంద్ర నిబంధనల్లో రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు, దిగుమతి కారుకు 5,000. అది చిన్న లెక్కే. పెద్ద దెబ్బ లైఫ్ ట్యాక్స్. బండి ధర ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది కాబట్టి, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

డీలరు అమ్మిన కొత్త కారును ఆఫీసుకు తీసుకెళ్లి చూపించక్కర్లేదు. సొంతంగా తెచ్చుకున్న కారును తీసుకెళ్లాలి. ఎంవీఐగారు, జనం మాటలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు సరిచూస్తారు. విదేశీ బండ్లలో ఛాసిస్ నంబరు ఎక్కడ కొట్టారో వెతకడమే ఒక పని. కొన్నింటికి ముందు సీటు కింద కార్పెట్ తీస్తే కనిపిస్తుంది, కొన్నింటికి ఇంజిన్ వెనక గోడ మీద ఉంటుంది. ఇంట్లోనే వెతికి ఫొటో తీసి పెట్టుకోండి. ఆఫీసు ఆవరణలో ఎండలో నిలబడి వెతుక్కోవడం బాగుండదు.

నంబరు వచ్చాక ప్లేటు మీద ఏముంటుందో తెలిసిందే. ఒకప్పుడు విజయవాడ బండికి ఏపీ16, గుంటూరు బండికి ఏపీ07. 2019 నుంచి జిల్లాలతో పనిలేకుండా రాష్ట్రమంతటికీ ఏపీ39తో ఒకే వరస మొదలైంది. పాత నంబర్లు పాతవిగానే చెల్లుతాయి. మార్చుకోవాల్సిన పనిలేదు.

టేపు తీసుకోండి, ఇదే అసలు పని

ప్లేటు ఆర్డరు పెట్టకముందే కొలవాలి. వచ్చాక కొలిస్తే మా బావగారి కథే.

మన దగ్గర కారుకు అనుమతించిన కొలతలు రెండే. పొడుగుది 500 × 120 మిల్లీమీటర్లు, పలకలా ఉండేది 340 × 200. యూరప్ కార్లకు వదిలే చోటు సాధారణంగా 520 × 110 ప్లేటుకు సరిపోయేది. అమెరికా ప్లేటు 305 × 152. జపాన్‌ది 330 × 165. అంటే యూరప్ బండికి మన పొడుగు ప్లేటు పొడవులో హాయిగా పడుతుంది, ఎత్తులో ఒక సెంటీమీటరు బయటికొస్తుంది. జపాన్ బండికి పలక ప్లేటు గుంటలో పట్టక అన్ని వైపులా కాస్త బయటికొస్తుంది, పొడుగు ప్లేటు అయితే గుంటకు రెండు పక్కలా ఎనిమిదిన్నర సెంటీమీటర్ల చొప్పున బయటికొస్తుంది.

వెనక ప్లేటు మీద నంబరు రెండు వరసల్లో ఉండాలన్నది నిబంధన. అలా పెట్టడానికి బండి వెనక చోటు లేకపోతే ఒక వరసలో పెట్టవచ్చని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 50వ నిబంధనే చెబుతోంది. ముందు ప్లేటుకు ఒక వరస ఎలాగూ సరే. కాబట్టి "వెనక ఏ సైజు?" అన్న ప్రశ్నకు జవాబు మీ టేపులోనే ఉంది.

అట్టముక్కను 500 × 120కి ఒకటి, 340 × 200కి ఒకటి కోసి, బండికి ఆనించి చూడండి. డిక్కీ తెరిచే బటన్ మూసుకుపోతోందా? రివర్స్ కెమెరాకు అడ్డమొస్తోందా? ప్లేటు దీపం వెలుగు ప్లేటు మీద పడుతుందా, పై అంచుకు తగిలి ఆగిపోతుందా? డిక్కీ తలుపు పైకి లేపినప్పుడు ప్లేటు మూల బంపరుకు రాసుకుంటుందా? ముందువైపు మధ్యలో నున్నటి నల్ల పలకలాంటిది కనిపిస్తే ముందున్న బండి దూరం కొలిచే రాడార్ దాని వెనక ఉండొచ్చు. దాని మీద అల్యూమినియం రేకు కప్పితే రాడార్‌కు కళ్లు మూసినట్టే, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. పార్కింగ్ సెన్సర్ల గుండ్రటి బిళ్లలు కూడా తప్పించాలి. అరగంట పట్టే పని ఇది, పది రూపాయల అట్ట చాలు.

ఫ్రేమ్ ముందు, ప్లేటు తర్వాత

గుంటలో పట్టకపోతే గుంట మీద ఫ్రేమ్ బిగించి, దాని మీద ప్లేటు పెట్టాలి. కంపెనీయే దిగుమతి చేసి అమ్మిన బండి అయితే డీలరు దగ్గర మన దేశానికి సరిపోయే ఫ్రేమ్ దొరుకుతుంది, కాస్త ఖరీదైనా అదే తీసుకోండి. దొరకని బండికి విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. మందపాటి ప్లాస్టిక్ పలక గానీ, నల్ల రంగు పూసిన అల్యూమినియం పలక గానీ చాలు. గుంట లోతుకు సరిపడా వెనక చిన్న దిమ్మలు పెట్టించండి, అప్పుడు ప్లేటు గుంట అంచుల మీదుగా సమంగా కూర్చుంటుంది. ఇనుప పలక వద్దు. రెండు వానాకాలాలు గడిచేసరికి తుప్పు చారలు బంపరు మీదికి దిగుతాయి.

రంధ్రాలు వేయక తప్పకపోతే బంపరు వెనక ఏముందో చూశాకే డ్రిల్లు పెట్టనివ్వండి. వైర్లు, అద్దం కడిగే నీళ్ల గొట్టం, సెన్సర్ బ్రాకెట్లు అక్కడే పరుచుకుని ఉంటాయి. డిక్కీ తలుపు రేకుకు రంధ్రం పడితే అంచుకు ప్రైమర్, టచప్ రంగు పూసి, స్టెయిన్‌లెస్ స్క్రూలు, రబ్బరు వాషర్లు వాడాలి. బంపరు తొలచడం ఇష్టం లేనివాళ్లకు ఒక మార్గం ఉంది. బండి లాగే కొక్కెం బిగించడానికి ముందు బంపరులో ఒక మర రంధ్రం ఉంటుంది, దానికి బిగించే బ్రాకెట్లు దొరుకుతాయి. ప్లేటు కాస్త పక్కకు వస్తుంది గానీ బంపరుకు గీత పడదు. అలా పెట్టేముందు ఎంవీఐగారిని ఒక మాట అడగండి.

డబుల్ టేపుతో అంటించి వదిలేయకండి. మన బెజవాడ మే నెల ఎండకు ఏ జిగురైనా లొంగుతుంది. ఊడిన ప్లేటు హైవే మీద పడితే మళ్లీ మొదటి నుంచి.

ఇక ప్లేటు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలి. డీలరు అమ్మిన బండికి డీలరే ఇవ్వాలి. పాత బండికి సియామ్, అంటే బండ్ల తయారీ కంపెనీల సంఘం వెబ్‌సైట్ దారి చూపిస్తుంది, అక్కడ మీ కంపెనీ పేరు ఎంచుకుని బుక్ చేసుకోవాలి. మీ కంపెనీ పేరు ఆ జాబితాలో లేకపోతే నేరుగా ఆర్టీఏ ఆఫీసులోనే అడగండి. రేడియం షాపులో అచ్చం అలాగే కనిపించే ప్లేటు చేసిస్తారు, కానీ దాని లేజర్ నంబరు ప్రభుత్వ రికార్డులో ఉండదు. దాంతో దొరికితే నకిలీ ప్లేటు పెట్టుకున్నవాళ్ల లెక్కలోకి వెళ్తారు.

ప్లేటు చేతికొచ్చాక బిగించకముందే చూడాల్సినవి: ఎడమ పై మూలలో 20 మిల్లీమీటర్ల క్రోమియం హోలోగ్రామ్, అందులో అశోక చక్రం, దాని కింద నీలం రంగులో దేశం పేరు సూచించే మూడు అక్షరాలు, ఇంకా కింద లేజర్ నంబరు. ముందు ప్లేటుకు ఒక లేజర్ నంబరు, వెనక ప్లేటుకు ఇంకొకటి. రెండూ ఫొటో తీసి రికార్డుతో సరిచూసుకోండి. సొంత కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. మీది ఎలక్ట్రిక్ కారైతే పచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు. అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఖాళీ 10. ప్లేటు మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కులం పేరు, పార్టీ గుర్తు, అభిమాన హీరో, ఇంటిపేరు, ఏదైనా సరే తప్పే. యూరప్ ప్లేట్లలా ఎడమవైపు నక్షత్రాల నీలం పట్టీ అంటించుకునేవాళ్లు కూడా ఇందులోకే వస్తారు. 177వ సెక్షన్ కింద మొదటిసారి 500, ఆ తర్వాత 1,500.

బిగించేది స్నాప్ లాక్ అనే ప్రత్యేకమైన బిగింపుతో. అది ఒకసారి పడితే విరగ్గొట్టి తీయాల్సిందే, మళ్లీ వాడలేం. అందుకే ఫ్రేమ్ సరిగ్గా కుదిరిందని తేల్చుకున్నాకే లాక్ వేయించండి. ప్లేటు అంచులను అలంకారపు ఫ్రేమ్ కప్పేస్తుంటే, మరీ ముఖ్యంగా హోలోగ్రామ్‌నో లేజర్ నంబరునో దాచేస్తుంటే, ఆ ఫ్రేమ్ తీసేయండి. ప్లేటు మీద పొగరంగు అక్రిలిక్ మూత కూడా వద్దు. పెద్ద విదేశీ పికప్‌కు ముందు బుల్ బార్, అంటే బంపరుకు అడ్డంగా బిగించే లోహపు కమ్మీ ఉండి, ప్లేటు దాని మీదకే ఎక్కించారా? బుల్ బార్లను 2017లోనే నిషేధించారు. రెండూ దించండి.

రాత్రి ఒకసారి, అద్దం దగ్గర ఒకసారి

చీకటి పడ్డాక పార్కింగ్ లైటు వేసి, బండి వెనక ఇరవై పెద్ద అడుగులు నడవండి. సుమారు 15 మీటర్లు. అక్కడి నుంచి నంబరు చదవగలగాలి. వెలుగు తెల్లగా ఉండాలి, నీలం బల్బులు కాదు. ఫ్రేమ్ వల్ల ప్లేటు ముందుకొచ్చిన బండ్లలో పై వరస మాత్రమే వెలిగి కింది వరస చీకట్లో ఉండిపోతుంది. అప్పుడు ఫ్రేమ్ పై భాగాన్ని నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

ముందు అద్దానికి లోపలివైపు ఎడమ పై మూలన మూడో ప్లేటు, అంటే స్టిక్కర్ ఉండాలి. పెట్రోలుకు లేత నీలం, డీజిలుకు నారింజ. బీఎస్-6 బండి అయితే పైన పచ్చ పట్టీ. చాలామంది దీన్ని ఫైల్లో దాచుకుంటారు, అద్దం మీద ఉంటేనే లెక్క. ఖరీదైన విదేశీ బండ్లలో అద్దానికి వేడి తగ్గించే లోహపు పూత ఉంటుంది, దాని మీద ఫాస్టాగ్ పనిచేయదు. రియర్ వ్యూ అద్దం వెనక చుక్కలు చుక్కలుగా ఉన్న చిన్న భాగానికి ఆ పూత ఉండదు, ఫాస్టాగ్ అక్కడ అంటించండి. లేకపోతే కాజ టోల్ దగ్గర వెనక బండ్ల హారన్లు వినాల్సి వస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారా?

వేరే రాష్ట్రం ప్లేటుతో, మార్కెట్ ధరకంటే బాగా తక్కువకు విదేశీ బండి వస్తోందంటే బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమనండి. అది లేకపోతే బేరం ఆపేయండి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్‌వాళ్లు సోదాలు చేసింది ఇలాంటి బండ్ల కోసమే. భూటాన్ నుంచి దొంగదారిన వచ్చి, వేరే రాష్ట్రాల్లో నంబర్లు తగిలించుకున్న బండ్లవి. ప్లేటు అసలుదే అయినా దాని కింద కాగితం లేదు. కొన్నవాళ్ల ఇళ్ల ముందు నుంచే వాటిని పట్టుకెళ్లారు.

కాగితాలు సక్రమంగా ఉన్న వేరే రాష్ట్రం బండి అయితే, ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే ఏపీ నంబరు వేయించుకోవాలి. పాత రాష్ట్రం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, తర్వాత కొత్త ప్లేట్లు. తిరిగొచ్చినవాళ్ల కారు కొంటుంటే అమ్మకూడదన్న రెండేళ్ల షరతు తీరిందో లేదో చూసుకోండి. యాభై ఏళ్లు దాటిన బండి అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్ వేరే ఉంది, ఫీజు 20,000, నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. దాన్ని పెళ్లి ఊరేగింపులకు అద్దెకు తిప్పడం కుదరదు.

ప్లేటు పాడైతే, పోతే

పోయినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా ముందు పోలీసు ఫిర్యాదు. ఆ కాపీతో మళ్లీ బుక్ చేయాలి. అదే నంబరుతో, కొత్త లేజర్ నంబరుతో ప్లేటు వస్తుంది. విరిగినా, వంగినా, కోసినా పాత ప్లేటు అప్పగించి కొత్తది తీసుకోవాలి. మా బావగారు అలాగే చేశారు. ఈసారి ముందు ఆటోనగర్‌లో ఫ్రేమ్ చేయించి, అట్టముక్క ఆనించి చూసి, తర్వాతే బిగించేవాళ్లను పిలిచారు. పాత ప్లేటు తీసుకున్న అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతా ముక్క ఏది సార్?" అని అడిగాడు. బావగారు షెడ్డుకు ఫోన్ చేశారు. కుర్రాడు దాన్ని ఎప్పుడో పాత ఇనప సామాన్ల బండికి వేసేశాడట.